ట్యూబ్ ఆంప్ నుంచి మోడలర్‌కు మారుతున్నారా? ముందు స్పీకర్ సంగతి తేల్చుకోండి

ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫైయర్) పక్కనపెట్టి, ఆంప్ సౌండ్‌ను నకలు చేసే డిజిటల్ మోడలర్ కొనుక్కుందామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ కంపెనీది కొనాలక్కా?" అని. నేను తిరిగి అడిగేది "దాన్ని దేంట్లోంచి వింటావు?" అని. ఇది తేలకపోతే ఎంత ఖరీదైన మోడలర్ కొన్నా సౌండ్ నచ్చదు, తప్పంతా మోడలర్ మీద పడుతుంది.

నేను సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో గిటార్ నేర్పుతాను. శని, ఆదివారాల్లో బ్యాండ్‌తో సంగీత్ ఫంక్షన్లకు, కాలేజీ ఫెస్టులకు వాయిస్తాను. రెండు ఈఎల్34 పవర్ ట్యూబుల 50 వాట్ల హెడ్డు (స్పీకర్ లేని ఆంప్ పెట్టె), రెండు 12 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ చాలా ఏళ్లు మోసినదాన్ని. ఇప్పుడు స్టేజీకి ఎక్కువగా మోడలర్ ఒక్కటే తీసుకెళ్తాను. బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కేయొచ్చు.

బరువు సంగతి అలా ఉంచితే అసలు ఇబ్బంది వాల్యూమ్. ట్యూబ్ ఆంప్‌లో మనం ఇష్టపడే ఆ నిండుదనంలో చాలా భాగం స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు గట్టిగా కష్టపడినప్పుడే వస్తుంది. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. అపార్ట్‌మెంటులో ఈఎల్34 ఆంప్‌ను దాని అసలు రుచి తెలిసేదాకా పెంచితే కింది ఫ్లాట్ ఆంటీ పైకి రావడం ఖాయం. 100 వాట్ల ఆంప్ మార్చి 50 వాట్లది తెచ్చుకుంటే తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి పెద్ద తేడా తెలియదు. దీనికితోడు రిపేర్లు. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, రెసిస్టర్లు వెతుక్కోవచ్చు. జత కుదిరిన ఈఎల్34లు మాత్రం నేను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకునేదాన్ని.

అయినా మోడలర్ కొన్న రోజే ట్యూబ్ ఆంప్ అమ్మకానికి పెట్టకండి. మీరు పోల్చి చూసుకోవడానికి ఉన్న నమూనా అదొక్కటే. దాని నాబులన్నిటికీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. క్లీన్‌కు (గరగర లేని సౌండ్) ఒకటి, రిథమ్‌కు ఒకటి, సోలోకు ఒకటి. వాడకుండా ఉంచే రోజుల్లో కూడా అప్పుడప్పుడు కాసేపు ఆన్ చేస్తుండండి, కెపాసిటర్లకు మంచిది. వెనక మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

మోడలర్ ఇచ్చేది ఏ సౌండ్?

మోడలర్లు స్థూలంగా రెండు రకాలు. హీలిక్స్, యాక్స్ ఎఫ్ఎక్స్ లాంటివి ఆంప్ సర్క్యూట్ ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టి ఆ సౌండ్ తయారు చేస్తాయి. కెంపర్, టోనెక్స్ లాంటివి ఫలానా ఆంప్ ఫలానా సెట్టింగులో ఎలా వినిపిస్తుందో దాన్నే నకలుగా పట్టుకుంటాయి. క్వాడ్ కార్టెక్స్ రెండూ చేస్తుంది. కంప్యూటర్‌లో వాయించుకుంటే చాలనుకునేవాళ్లకు న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 1998లో లైన్ 6 పాడ్ వచ్చినప్పటి సౌండ్ విని మోడలర్లంటే ఇంతే అనుకున్నవాళ్లు ఒకసారి ఇప్పటివి వినాలి. ఆంప్ నకలు చేయడంలో అవి ఎంతో ముందుకొచ్చాయి.

ఆంప్ తర్వాత వచ్చేది క్యాబ్, అంటే స్పీకర్ క్యాబినెట్. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మోడలర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్ అనేది ఉంటుంది, అందరూ ఐఆర్ అంటారు. ఒక క్యాబినెట్ ముందు ఒక మైకు, ఎస్ఎం57 అనుకోండి, ఒక చోట పెట్టి రికార్డు చేస్తే ఎలా వినిపిస్తుందో అదంతా ఆ చిన్న ఫైల్లో ఉంటుంది. అంటే మోడలర్‌లోంచి వచ్చేది మైకు విన్న సౌండ్. ఆల్బమ్స్‌లో మనం వినేది ఆ సౌండే. ఆంప్ ముందు నిలబడినప్పుడు మన కాళ్లకు తగిలే గాలి అందులో ఉండదు. ఆ గాలి ఇచ్చేది స్పీకర్, గది, వాల్యూమ్. మోడలర్‌ను ఆ గాలి అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం.

గిటార్ స్పీకర్ దానంతటదే ఒక ఫిల్టర్ కూడా. 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. క్యాబ్ బ్లాక్ (మోడలర్‌లో ఐఆర్ ఉండే భాగం) ఆపేసి మోడలర్‌ను పీఏ (హాలంతటికీ వినిపించే) స్పీకర్‌కో హెడ్‌ఫోన్‌కో ఇస్తే డిస్టార్షన్ (గరగర సౌండ్) మొత్తం నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. క్యాబ్ బ్లాక్ ఆన్‌లో ఉంచి నిజం గిటార్ క్యాబినెట్‌కు ఇస్తే ఒకే ఫిల్టర్ రెండుసార్లు పడి సౌండ్ ముద్దయిపోతుంది. పీఏకు, హెడ్‌ఫోన్‌కు క్యాబ్ ఆన్, గిటార్ క్యాబినెట్‌కు క్యాబ్ ఆఫ్. ఇదొక్కటి గుర్తుంటే "డిజిటల్ సౌండ్ నచ్చలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఉండవు.

దేంట్లోంచి వినాలి?

మీ పాత హెడ్డు వెనక ఎఫెక్ట్స్ లూప్ (బయటి పరికరాలు కలిపే సెండ్, రిటర్న్ జాకులు) ఉంటే మొదటి మెట్టుకు ఏమీ కొనక్కర్లేదు. మోడలర్ అవుట్‌పుట్‌ను లూప్‌లోని రిటర్న్ జాక్‌కు ఇవ్వండి. అప్పుడు మీ ఆంప్‌లో టోన్ తయారుచేసే మొదటి భాగం, ప్రీఆంప్, పక్కకు తప్పుకుంటుంది, పవర్ ట్యూబులు, మీ క్యాబినెట్ మాత్రమే పనిచేస్తాయి. మోడలర్‌లో క్యాబ్ ఆపేయండి. ప్రీఆంప్ మోడల్స్ విడిగా ఉంటే వాటినే ఎంచుకోండి, లేకపోతే పవర్ సెక్షన్ రంగు రెండుసార్లు పడుతుంది. ఇలా వాయిస్తే చేతికి అలవాటైన ఆ తోపు అలాగే ఉంటుంది, కొత్త పరికరాన్ని నెమ్మదిగా నేర్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ట్యూబ్ హెడ్డును క్యాబినెట్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రెండో దారి ఎఫ్ఆర్ఎఫ్ఆర్ స్పీకర్. కిందినుంచి పైదాకా అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఉన్నదున్నట్టు వినిపించేది. ఫంక్షన్లకు వాయించేవాళ్లు ఈ దారికే వెళ్లమని చెబుతాను, ఎందుకంటే ప్రేక్షకులు వినేది కూడా అలాంటి పీఏలోంచే. ఇంట్లో సాధనకు మంచి వైర్డ్ హెడ్‌ఫోన్ చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, తీగ మీటిన తర్వాత సౌండ్ వచ్చేసరికి తాళం తప్పేంత ఆలస్యం ఉంటుంది. మోడలర్ సొంత ఆలస్యం గురించి మాత్రం టెన్షన్ పడొద్దు. అది కొద్ది మిల్లీసెకన్లే. 3 మిల్లీసెకన్లంటే ఆంప్‌కు సుమారు ఒక మీటరు దూరంలో నిలబడినంత.

టోన్ కట్టుకోవడం

కంపెనీ ఇచ్చిన ప్రీసెట్లు (ముందే కట్టి పెట్టిన టోన్లు) వినండి, సంతోషించండి, తర్వాత ఖాళీ ప్రీసెట్ తెరవండి. ఒక ఆంప్, ఒక క్యాబ్. డిలే, రివర్బ్, కోరస్ ఏవీ వద్దు. మీ ఆంప్‌కు దగ్గరి మోడల్ వెతకండి. ట్రేడ్‌మార్కుల గొడవ వల్ల పేర్లు వేరుగా ఉంటాయి. హీలిక్స్‌లో "బ్రిట్ 2204" అంటే మార్షల్ జేసీఎం800, "ఎసెక్స్ ఏ30" అంటే వాక్స్ ఏసీ30. ఫొటోలో ఉన్నట్టే నాబులు పెట్టి, గెయిన్ (గరగరను పెంచే నాబు) మాత్రం కొంచెం తగ్గించి మొదలుపెట్టండి. మెల్లగా వాయించేటప్పుడు తక్కువనిపించే గెయిన్ స్టేజీ మీద సరిపోతుంది.

ఇక క్యాబ్. ఆంప్ మోడల్ మార్చినప్పటికంటే ఐఆర్ మార్చినప్పుడే సౌండ్ ఎక్కువ మారుతుంది. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే ఐఆర్‌లన్నీ దింపుకోవద్దు. సెలెస్టియన్ స్పీకర్లలో వింటేజ్ 30ది ఒకటి, గ్రీన్‌బ్యాక్‌ది ఒకటి తీసుకుని వాటితోనే కొన్ని వారాలు వాయించండి. సౌండ్ గుచ్చుతోంది అనిపిస్తే ఈక్యూ (బేస్, మిడ్స్, ట్రెబుల్ సర్దుబాటు) జోలికి వెళ్లకముందు క్యాబ్ బ్లాక్‌లోని మైకును స్పీకర్ కోన్ మధ్యలోంచి అంచు వైపు జరపండి. తర్వాత హై కట్ (అంతకు పైవాటిని తగ్గించేది) 6 లేదా 7 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ (అంతకు కిందివాటిని తగ్గించేది) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టండి. మన గిటార్‌లో అన్నిటికంటే లావైన "ఈ" (E) తీగ సుమారు 82 హెర్ట్జ్. దాని కిందున్న చోటు బాస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది.

ట్యూబ్ ఆంప్ వేళ్లకు ఇచ్చే ఆ సాగుడు కావాలంటే "సాగ్", "బయాస్" (పవర్ ట్యూబులు ఎంత వేడిగా నడుస్తాయన్నది) అనే పారామీటర్లు చూడండి. సాగ్ పెంచితే గట్టిగా మీటినప్పుడు సౌండ్ కొంచెం కుంగి లేస్తుంది. బ్లూస్ వాయించేవాళ్లకు ఇది నచ్చుతుంది. వేగంగా పామ్ మ్యూట్ (అరచేత్తో తీగలు అదిమి మీటే) రిఫ్‌లు వాయించేవాళ్లు తగ్గించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, స్టేజీకి వాడే టోన్‌ను స్టేజీ వాల్యూమ్‌లోనే ఖరారు చేయడం. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, బాగా పైనున్న ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. రాత్రి హెడ్‌ఫోన్‌లో మెల్లగా వింటూ ఆ లోటు పూడ్చడానికి బేస్, ట్రెబుల్ పెంచుతాం. అదే ప్రీసెట్ ఫంక్షన్ హాల్లో పెట్టేసరికి కింద గుమ్మంటుంది, పైన చెవులు కోస్తుంది, మధ్యలో గిటార్ కనపడదు. కాబట్టి ఒక గంట జామ్ రూమ్ అద్దెకు తీసుకోండి. డ్రమ్మర్, బాసిస్ట్ వస్తే ఇంకా మంచిది. క్లీన్, రిథమ్, లీడ్ మూడూ బ్యాండ్ మధ్యలో వాయించి లెవెల్స్ సరిచేయండి. మీటర్ చూసి కాదు, చెవితో. లీడ్‌కు గెయిన్ కంటే మిడ్స్, ఓ 3 డెసిబెల్స్ వాల్యూమ్ పెంచితే పాట మధ్యలోంచి బయటికొస్తుంది.

స్టేజీ మీద

సౌండ్ చూసుకునే అన్నతో ముందే మాట్లాడండి. "అన్నా, గిటార్‌కు మైకు అక్కర్లేదు. నేరుగా ఎక్స్ఎల్ఆర్ కేబుల్ ఇస్తాను, లైన్ కావాలా మైక్ లెవెల్ కావాలా చెప్పండి. ఈక్యూ ఫ్లాట్‌గా ఉంచండి. నా మానిటర్‌లో గిటార్, వోకల్ ఉంటే చాలు." ఇంత స్పష్టంగా అడిగితే చాలాచోట్ల సంతోషిస్తారు, వాళ్ల పని తేలికవుతుంది కదా. ఆ చానెల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు మిక్సర్ పంపే కరెంటు) ఆపమని చెప్పండి. గుర్రుమంటుంటే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి. మంచి ఎక్స్ఎల్ఆర్ కేబుల్ మీ బ్యాగులోనే ఉండాలి. మానిటర్ల (స్టేజీ మీద మనకు వినిపించే స్పీకర్ల) మీద నమ్మకం లేని చోట్లకు నేను చిన్న ఎఫ్ఆర్ఎఫ్ఆర్ కూడా పట్టుకెళ్తాను. వెనక స్పీకర్ ఉంటే ఫీడ్‌బ్యాక్‌తో స్వరం నిలబెట్టడం కూడా కుదురుతుంది. హైదరాబాద్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక లాంటి చోట, ముందు వరుస మనకు అంత దగ్గరగా కూర్చున్నప్పుడు, వాల్యూమ్ పూర్తిగా అదుపులో ఉండటం నాకెంతో నచ్చిన విషయం.

కరెంటు సంగతి మరవద్దు. ఓపెన్ లాన్ ఫంక్షన్లలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాస్త విరామంలో మోడలర్ ఆగిపోయి మళ్లీ మొదటినుంచి బూట్ అవుతుంది, ఈలోపు పాట అయిపోతుంది. కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ ఒకటి చాలు, ఆ మధ్య సమయం దాటేస్తుంది. అడాప్టర్ కూడా ఏది పడితే అది పెట్టొద్దు. లైన్ 6 వాళ్ల చిన్న మోడలర్ హెచ్ఎక్స్ స్టాంప్‌కు 9 వోల్టుల దగ్గర 3 యాంపియర్ల అడాప్టర్ ఇస్తారు. మామూలు పెడల్ అడాప్టర్ వోల్టేజీ కుదిరినా అంత కరెంటు ఇవ్వలేదు. మీ మోడలర్ మీద రాసిన వోల్టేజీ, యాంపియర్లు, ప్లస్ మైనస్ గుర్తు మూడూ చూసి స్పేర్ అడాప్టర్ ఒకటి ఉంచుకోండి.

స్టేజీకి నాలుగు ప్రీసెట్లు మించి పెట్టుకోకండి. మధ్యాహ్నం ఎండలో కాలేజీ గ్రౌండులో స్క్రీన్ కనపడదు, కాలికి అలవాటైన స్థానాలే దిక్కు. ప్రీసెట్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి బ్యాకప్ తీసి, అదే పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చిందని ప్రోగ్రాం ఉన్న వారంలో చేయకండి. అప్‌డేట్ తర్వాత కొన్ని మోడల్స్ సౌండ్ మారొచ్చు, అప్పుడు జామ్ రూమ్‌లో కూర్చుని లెవెల్స్ మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తుంది.