మొత్తం తెలిసి పదాల సంఖ్య తెలియనప్పుడు: అంకశ్రేఢి లెక్కల్లో వర్గ సమీకరణం

పదో తరగతి గణితంలో వర్గ సమీకరణాల పాఠం ముగియగానే శ్రేఢుల పాఠం మొదలవుతుంది. రెండింటినీ విడివిడిగా బాగానే నేర్చుకున్న విద్యార్థులు కూడా అవి కలిసే చోట తడబడుతుంటారు. అంకశ్రేఢిలో (ప్రతి పదానికీ ఒకే సంఖ్య కలుపుతూ పోయే వరుసలో) మొదటి పదం, పదాంతరం (ఆ కలిపే సంఖ్య), మొత్తం ఇచ్చి, ఎన్ని పదాలు కూడితే ఆ మొత్తం వస్తుందని అడిగే లెక్కలు అలాంటివి. వీటిలో వర్గ సమీకరణాన్ని సాధించడంతో పని పూర్తి కాదు. వచ్చిన మూలాల్లో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదిలేయాలో శ్రేఢిని చూసి నిర్ణయించాలి.

మొదటి పదాన్ని ఎ అని, పదాంతరాన్ని డి అని, పదాల సంఖ్యను ఎన్ అని, మొత్తాన్ని ఎస్ అని అనుకుంటే, సూత్రం ఇది:

ఎస్ = (ఎన్/2) [2ఎ + (ఎన్ − 1)డి]

దీనిలో ఎన్ రెండు చోట్ల ఉంది. బ్రాకెట్ విప్పితే ఆ రెండూ గుణించుకొని ఎన్² పుడుతుంది. ఇరువైపులా 2తో గుణించి సర్దితే

డి·ఎన్² + (2ఎ − డి)ఎన్ − 2ఎస్ = 0

అనే వర్గ సమీకరణం వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వర్గ సమీకరణ సూత్రంలో ఎ అంటే వర్గపదపు గుణకం, శ్రేఢిలో ఎ అంటే మొదటి పదం. పై సమీకరణంలో వర్గపదపు గుణకం డి. అలవాటు కొద్దీ శ్రేఢి మొదటి పదాన్నే సూత్రంలో వేసేవారు చాలామంది ఉంటారు కాబట్టి, సాధన మొదలుపెట్టే ముందు మూడు గుణకాలనూ విడిగా ఒక వరుసలో రాసుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 5, 8, 11, ... శ్రేఢిలో ఎన్ని పదాల మొత్తం 98 అవుతుంది? ఎ = 5, డి = 3 కాబట్టి సమీకరణం 3ఎన్² + 7ఎన్ − 196 = 0. మధ్యపదాన్ని విడదీయడానికి 3, −196ల లబ్ధం −588 అయ్యేలా, మొత్తం 7 అయ్యేలా రెండు సంఖ్యలు కావాలి. లబ్ధం రుణాత్మకం కాబట్టి వాటి గుర్తులు వేరు. అంటే 588కి 7 తేడా ఉన్న కారణాంకాల జత కోసం వెతకాలి. తేడా చిన్నది కాబట్టి ఆ రెండూ 588 వర్గమూలానికి, అంటే 24కు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. 28, 21 సరిపోతాయి. ఈ చిన్న అంచనా తెలిస్తే 1, 2, 3 అంటూ కారణాంకాలన్నీ రాసుకుంటూ పోనక్కరలేదు.

3ఎన్² + 28ఎన్ − 21ఎన్ − 196 = (3ఎన్ + 28)(ఎన్ − 7) = 0

కాబట్టి ఎన్ = 7 లేదా ఎన్ = −28/3. పదాల సంఖ్య ధన పూర్ణసంఖ్య మాత్రమే కాగలదు కనుక రెండో మూలాన్ని వదిలివేయాలి. ఈ కారణాన్ని జవాబులో ఒక వాక్యంగా తప్పక రాయాలి. ఊరికే కొట్టివేసి ఊరుకుంటే సాధన అసంపూర్ణం. సరిచూస్తే 5 + 8 + 11 + 14 + 17 + 20 + 23 = 98.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదంలో ఆర్యభటుడు సరిగ్గా ఈ లెక్కకే నియమం చెప్పాడు. మొత్తాన్ని పదాంతరంతోనూ 8తోనూ గుణించి, దానికి మొదటి పదం రెట్టింపుకూ పదాంతరానికీ ఉన్న తేడా వర్గాన్ని కలిపి, వర్గమూలం తీసి, మొదటి పదం రెట్టింపును తీసివేసి, పదాంతరంతో భాగించి, 1 కలిపి సగం చేయమన్నాడు. మన సంఖ్యలతో చేస్తే 8 × 3 × 98 = 2352, దానికి 7² కలిపితే 2401, వర్గమూలం 49, అందులో 10 పోగా 39, 3తో భాగిస్తే 13, 1 కలిపి సగం చేస్తే 7. ఆ 2401 మరేదో కాదు, పై సమీకరణపు విచక్షణే (వర్గ సమీకరణ సూత్రంలో వర్గమూలం కింద ఉండే విలువ).

పదాంతరం రుణాత్మకమైనప్పుడు లెక్క మరింత ఆసక్తికరంగా మారుతుంది. 27, 24, 21, ... శ్రేఢిలో మొత్తం 126 కావాలంటే, సమీకరణాన్ని −3తో భాగించాక ఎన్² − 19ఎన్ + 84 = 0 వస్తుంది. మూలాలు 7, 12. రెండూ ధన పూర్ణసంఖ్యలే. కాబట్టి రెండూ జవాబులే, ఒకదాన్ని వదిలేస్తే తప్పు. ఎలాగంటే, 8వ పదం నుంచి 12వ పదం వరకు ఉన్నవి 6, 3, 0, −3, −6. వాటి మొత్తం సున్న కనుక ఏడు పదాల మొత్తమూ, పన్నెండు పదాల మొత్తమూ ఒకటే.

అదే శ్రేఢిలో మొత్తం 130 అని ఇస్తే సమీకరణం 3ఎన్² − 57ఎన్ + 260 = 0, దాని విచక్షణి 129 అవుతుంది. అది ధనాత్మకమే అయినా సంపూర్ణ వర్గం కాదు. మూలాలు కరణీయాలు కాబట్టి సమీకరణానికి సాధన ఉన్నా లెక్కకు జవాబు లేదు. మొత్తాలను వరుసగా రాసి చూడండి: 27, 51, 72, 90, 105, 117, 126, 132, 135. ఎక్కడా 130 లేదు. పదో పదం సున్న కనుక 135 దగ్గర మొత్తం ఒక్కసారి ఆగి, ఆ తరువాత తగ్గుతుంది. తగ్గేటప్పుడు కూడా వెనుకటి విలువలే తిరిగి వస్తాయి. మొత్తం 140 అని ఇస్తే విచక్షణి −111. శ్రేఢి మొత్తం ఎన్నడూ 135 దాటదు కనుక వాస్తవ మూలాలు లేకపోవడం సహజమే.

ఈ దారిలో వెనక్కి కూడా రావచ్చు. ఎన్ పదాల మొత్తం 2ఎన్² + 3ఎన్ అని ఇస్తే, ఎన్ = 1 వేసినప్పుడు వచ్చే 5 మొదటి పదం; ఎన్ = 2 వేస్తే వచ్చే 14 మొదటి రెండు పదాల మొత్తమే తప్ప రెండో పదం కాదు. రెండో పదం 14 − 5 = 9, పదాంతరం 4. ఎన్² గుణకాన్ని రెట్టింపు చేస్తే ఎప్పుడూ పదాంతరం వస్తుంది కాబట్టి దీనితోనే సరిచూసుకోవచ్చు. ఇచ్చిన మొత్తంలో స్థిరపదం కూడా ఉంటే, ఉదాహరణకు 2ఎన్² + 3ఎన్ + 1 అని ఉంటే, మొత్తాలు 6, 15, 28 అవుతాయి, పదాలు 6, 9, 13 అవుతాయి. భేదాలు 3, 4 సమానం కావు కనుక అది అంకశ్రేఢి కాదు.