విశాఖలో పడమటి గోడకు జాలీ తెర ఎలా కట్టాలి?

ఎలివేషన్ అనగానే అద్దాలు, ఏసీపీ (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టిన) షీట్లు గుర్తొస్తున్నాయి గానీ, ఇంటిని నిజంగా ఉడికించేది పడమటి గోడ. మధ్యాహ్నమంతా ఎండ తాగిన 9 అంగుళాల ఇటుక గోడ ఆ వేడిని ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా మంచమెక్కే వేళకు గదిలోకి వదులుతుంది.

సన్‌షేడ్ పెంచితే సరిపోదు. దక్షిణపు కిటికీకైతే అడుగున్నర సన్‌షేడ్ చాలు. మార్చి, సెప్టెంబరు మూడో వారాల్లో మిట్టమధ్యాహ్నం 4 అడుగుల కిటికీ పూర్తిగా నీడలో ఉంటుంది. పడమట సూర్యుడు 30 డిగ్రీలకు దిగాక 2 అడుగుల సన్‌షేడ్ కింద కూడా 14 అంగుళాల నీడే. ఎండను గోడ దాకా రానివ్వకూడదు. అందుకే గోడ ముందు జాలీ తెర, అంటే చిల్లులున్న మట్టి దిమ్మెలు పేర్చిన అడ్డు.

1. ముందు బరువు లెక్క వేయండి. 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గోడకు 8 అంగుళాల చదరపు మట్టి జాలీలు 203 కావాలి. పగిలేవాటికి మరో 10 కలపండి. ఒక్కోటి రెండున్నర కిలోలనుకుంటే 500 కిలోలు దాటుతుంది, సిమెంటు మాలు బరువు వేరే. కాబట్టి కింద పునాదో బీమో ఉండాల్సిందే, గోడకు వేలాడదీయకూడదు. పై అంతస్తుకు తేలికపాటి వెదురు తడికలు నయం. అల్యూమినియం పట్టీలూ తేలికే గానీ, ఆ లోహం తయారీకి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది.

2. గోడకూ తెరకూ మధ్య 9 అంగుళాల నుంచి అడుగు ఖాళీ వదలండి. కిందా పైనా తెరిచే ఉంచితే వేడిగాలి పైకి పోతుంది. మూసేస్తే అదే పొయ్యి. పైన పావురాలు దూరకుండా నైలాన్ వల చాలు. కిటికీ రెక్కలు బయటికి తెరుచుకునేవైతే ముందే మార్పించండి.

3. మట్టి జాలీలను నీళ్లలో నానబెట్టి, 1:4 (సిమెంటు:ఇసుక) మాలుతో పేర్చాలి. పొడి జాలీ మాలులోని తడి లాగేసుకుంటే అతుకు ఊడుతుంది. రోజుకు నాలుగు వరసలకు మించొద్దు. స్లాగ్ సిమెంట్ అడగండి: ఉక్కు కర్మాగారాల స్లాగ్ (ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం) కలవడం వల్ల క్లింకర్ (సున్నపురాయిని బట్టీలో కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు) తక్కువ, ఉప్పునూ బాగా తట్టుకుంటుంది. తీరపు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు దగ్గరికి రానివ్వొద్దు. తడపడానికీ మంచినీళ్లే, కనీసం వారం.

4. అసలు చిక్కు ఇనుముతో. మేస్త్రీలు అలవాటుగా వరసల మధ్య 6 ఎంఎం ఊచ పెడతారు. పలచటి మాలులోకి ఉప్పుగాలి చేరి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, జాలీ అంచులు పగులుతాయి. ఇక్కడ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ ఊచే వాడాలి. పాండురంగాపురంలాంటి సముద్రపు ఒడ్డున 304 గ్రేడుకు కూడా తుప్పు మరకలు వస్తాయి. తెరను గోడకు కట్టే క్లాంపులూ అదే గ్రేడువి, రెండడుగులకొకటి, స్లాబు అంచులో గానీ పిల్లరులో గానీ బిగించండి. అల్యూమినియం, స్టీలు తగిలేచోట నైలాన్ వాషరు వేయకపోతే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

గాలి సంగతి మరవొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. విశాఖకు భారతీయ ప్రమాణాల్లో మూల గాలివేగం (కట్టడాల డిజైనుకు ఆధారంగా తీసుకునేది) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 10 అడుగుల వెడల్పుకు మించిన తెరకు మధ్యలో పిల్లరు కావాలి, దాని డిజైను ఇంజనీరుకు వదిలేయండి.

5. తెర పేర్చేముందే వెనక గోడకు తెల్ల సున్నం రెండు పూతలు వేయండి.

ఏటా వానలు తగ్గాక తెరను మంచినీళ్లతో కడగండి. ఏ క్లాంపు కిందైనా గోధుమ రంగు చార దిగితే రంగు పూసి కప్పెట్టకండి, ఆ క్లాంపు మార్చండి.