తెరచాప బట్ట: ఏది కొనాలి, ఎలా కాపాడాలి

హుస్సేన్ సాగర్‌లో తిరిగే ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న పడవలకు నేసిన పాలియెస్టరే తగిన బట్ట. డేక్రాన్ అనేది దీన్నే. తక్కువ సాగుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, చినిగితే కుట్టుకోవడం తేలిక. రేసులకైతే క్లాస్ నియమాలు (ఆ రకం పడవకు పెట్టిన పోటీ నియమాలు) ఒప్పుకున్న తెరచాపే కట్టాలి.

కొనేముందు చేత్తో పట్టి చూడండి. పడుగు వెంట, పేక వెంట లాగితే ఏ బట్టయినా పెద్దగా కదలదు. అసలు పరీక్ష ఏటవాలుగా లాగడం. కొత్తదైతే అటు కూడా బిగువుగా నిలబడి ఫెళఫెళలాడుతుంది, నేత సందుల్లో నింపిన రెజిన్ (గట్టిపడే జిగురులాంటి పదార్థం) వల్ల. ఆ రెజిన్ విరిగిపోయిన బట్ట నలిగిన నూలు పంచెలా మెత్తగా సాగుతుంది. అలాంటి తెరచాపకు గాలి పెరిగేకొద్దీ పొట్ట లోతై వెనక అంచువైపు జరుగుతుంది. పడవ ముందుకు పోవాల్సిన బలం పక్కకు ఒరగడానికి ఖర్చవుతుంది. సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు ఈ ఒక్కటీ చూడకుండా డబ్బులివ్వకండి.

స్పినేకర్‌కి, అంటే గాలివాటున పోయేటప్పుడు ముందు ఎత్తే బుడగలాంటి పెద్ద తెరచాపకి, నైలాన్. తేలిక, సాగి గాలి కుదుపును తట్టుకుంటుంది. ఆ సాగే గుణం వల్లే ప్రధాన తెరచాపకు పనికిరాదు, పైగా ఎండకు త్వరగా చివుకుతుంది. ఫిల్మ్ పొరల మధ్య అరామిడ్ (కెవ్లార్ రకం గట్టి పోగు), కార్బన్ పోగులు అతికించిన లామినేట్లు ఆకారం బాగా నిలుపుతాయి కానీ, అరామిడ్‌కి ఎండా మడతా రెండూ పడవు. తడిగా చుట్టేస్తే పొరల మధ్య చేరిన బూజు కడిగినా పోదు. సరదాగా తిరిగేవాళ్లకు అంత ఖర్చు దండగ.

రెజిన్‌ను విరగ్గొట్టేది రెపరెపలే. తెరచాప ఎత్తి ఒడ్డున వదిలేసి కబుర్లలో పడితే ఆ కాసేపట్లోనే బట్ట అరుగుతుంది. సరిగ్గా నీళ్లలోకి దిగబోయే ముందు మాత్రమే ఎత్తండి, రాగానే దించండి. ఆరేసేటప్పుడూ గాలికి వేలాడదీయొద్దు, నీడలో పరవండి. ఆరాక మడవకుండా పై కొస నుంచి కిందికి చుట్టండి.

విశాఖ, కాకినాడల్లో సముద్రం మీద తిప్పితే మంచినీళ్లతో కడగడం తప్పనిసరి. ఉప్పు గింజలు పోగులను రాస్తాయి, తేమను పట్టి ఉంచి బూజు తెస్తాయి. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా లిక్విడ్ సబ్బు, మెత్తని బ్రష్ చాలు. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ వద్దే వద్దు. బూజు మరకలకు ఇంట్లో వాడే బ్లీచ్ 1 వంతు, నీళ్లు 10 వంతులు కలిపి 10 నిమిషాలు ఉంచి బాగా జాడించండి. ఇది తెల్ల పాలియెస్టర్‌కి మాత్రమే. నైలాన్, అరామిడ్ పోగులు బ్లీచ్‌కి చెడిపోతాయి.

బట్టకంటే ముందు పోయేది దారం. గట్టి బట్టలో కుట్టు లోపలికి దిగకుండా పైకి తేలి ఉంటుంది, ఎండా రాపిడీ దానికే తగులుతాయి. సీజన్‌కి ఒకసారి జిగ్‌జాగ్ కుట్టు మీద గోరుతో గట్టిగా గీయండి. దారం తెగితే ఆ అతుకు మొత్తం మళ్లీ కుట్టించాలి.

చిన్న చినుగుకి అంటించే డేక్రాన్ పట్టీ వేయొచ్చు. ముందు ఉప్పు కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడవండి. పట్టీ చినుగు చుట్టూ 5 సెంటీమీటర్లు దాటాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేదంటే అక్కడి నుంచే లేస్తుంది. రెండువైపులా అంటించి చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. వెనక అంచు దగ్గర చినిగితే మాత్రం పట్టీ చుట్టూ కుట్టు కూడా వేయాలి, అక్కడ లాగుడు ఎక్కువ.