పికప్ ట్రక్కులో పడక, కింద సామాను – పాఠం 2: నాలుగు ప్లైవుడ్ షీట్లతో పెట్టె, డ్రాయర్లు

మొదటి పాఠంలో కొలతలు తీసుకున్నాం కదా, ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. ఈసారి కోత, బిగింపు. పరుపు, గాలి, రాత్రి చెమ్మ ఇవన్నీ మూడో పాఠంలో.

మనం పట్టుకున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-150, ఆరున్నర అడుగుల బెడ్ (వెనక సామాను వేసే తొట్టి), పైన క్యాంపర్ షెల్, అంటే తొట్టిని మూసే గట్టి కప్పు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందు తరచుగా కనపడే బండే కాబట్టి దీన్ని తీసుకున్నా. బెడ్ పొడవు 78.9 అంగుళాలు, వీల్ వెల్స్ (చక్రాల మీద తొట్టిలోకి లేచిన గుబ్బలు) మధ్య వెడల్పు 50.6, గోడ లోతు 21.4. టకోమా లాంటి చిన్న ట్రక్కు ఉన్నవాళ్ళకి వీల్ వెల్స్ మధ్య 4 అడుగులు రాదు, మిగతా పద్ధతంతా అదే గానీ అంకెలు మాత్రం మీవి మీరు వేసుకోవాలి.

కోత మొదలెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి, ఎత్తు. ఇది తేలకుండా రంపం ముట్టుకోవద్దు. బెడ్ నేల నుంచి షెల్ కప్పు దాకా ఉన్న ఎత్తులో మీరు డ్రాయర్లకి ఇచ్చే ప్రతి అంగుళం మీ తల పైనుంచి తీసిందే. మీ ట్రక్కులో అది 40 అంగుళాలు ఉందనుకోండి, పెట్టె 12.5, పరుపు 3, మిగిలేది 24.5. గోడకి ఆనుకుని నేల మీద కూచుని, నేల నుంచి నడినెత్తి దాకా ఎవరి చేతైనా కొలిపించుకోండి, పెద్దవాళ్ళకి మామూలుగా 33 నుంచి 36 అంగుళాలు వస్తుంది. అంటే ఈ పడక మీద కూచోలేరు, మోచేతి మీద లేవగలరు అంతే. చాలామంది ఇది కట్టేశాక తెలుసుకుని బాధపడతారు, మీరు ముందే తెలుసుకోండి.

అయినా నేను డ్రాయర్ల వైపే ఉంటాను. ఎందుకంటే మనం బయల్దేరితే స్టవ్వు, కుక్కరు, బియ్యం, పోపుల పెట్టె, పచ్చడి సీసా అన్నీ బయల్దేరతాయి, ఇవి పెట్టడానికి చోటు లేకపోతే రాత్రి పడుకునే ముందు సామానంతా ముందు సీట్లలోకి మోసి పొద్దున్నే మళ్ళీ వెనక్కి మొయ్యాలి, రెండ్రోజులకే ప్రయాణం మీద విసుగొస్తుంది. కూచోడానికి టెయిల్‌గేట్ (వెనక కిందికి దించే తలుపు) ఉంది, మడత కుర్చీలున్నాయి. ఒక్క చోట మాత్రం నా మాట వినొద్దు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చి వాళ్ళని కూడా తీసుకెళ్దాం అనుకుంటే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ 24 అంగుళాల సందులోకి పాకలేరు. వాళ్ళ కోసమైతే డ్రాయర్లు మానేసి వీల్ వెల్స్ మధ్య 4 అంగుళాల ఎత్తు బల్ల వేసి ఒక్కరినే పడుకోబెట్టండి, మిగతావాళ్ళకి పక్కన టెంటు వెయ్యండి.

ఇంక 12.5 ఎందుకు, 10 ఎందుకు కాదు అంటే, వీల్ వెల్స్. అవి దాదాపు 9, 10 అంగుళాలు పైకి లేచి ఉంటాయి, పడక వాటికంటే పైన ఉంటేనే గోడ నుంచి గోడ దాకా పూర్తి వెడల్పు దొరుకుతుంది, ఇద్దరు పడుకోవాలంటే అది కావాల్సిందే.

కావాల్సిన చెక్క

4 బై 8 అడుగుల ప్లైవుడ్ షీట్లు నాలుగు, 3/4 అంగుళం మందంవి రెండు, 1/2 అంగుళంవి రెండు. 1బై2 చెక్కలు (పేరుకే 1, అసలు మందం 3/4 అంగుళం) 8 అడుగులవి రెండు, 2బై4 ఒకటి. 8 నంబరు స్క్రూలు 2 అంగుళాలవీ 1 1/4 అంగుళాలవీ, చెక్క జిగురు. ప్లైవుడ్ నాణ్యత గురించి ఒక మాట, అన్నిటికన్నా చవకది తీసుకుంటే లోపల పొరల మధ్య ఖాళీలుంటాయి, స్క్రూ సరిగ్గా ఆ ఖాళీలోకి దిగితే పట్టు ఉండదు. షీటు అంచు చూస్తే తెలిసిపోతుంది, నల్లటి బొక్కలు కనపడితే పక్కన పెట్టేయండి. వంకర పోయిందేమో కూడా షీటు అంచు వెంట ఒక కన్ను మూసి చూడండి.

ఇంకోటి, 3/4 అని అమ్మేది నిజానికి 23/32, 1/2 అని అమ్మేది 15/32 ఉంటుంది. ఈ తేడా డ్రాయర్లకి మంచే చేస్తుంది, కొంచెం వదులు ఎక్కువొస్తుంది.

3/4 మొదటి షీటుని అడ్డంగా 50 అంగుళాల దగ్గర ఒకసారి, ఇంకో 26 దగ్గర ఒకసారి కొయ్యండి. 50 ముక్క వెనక డెక్ (మనం పడుకునే బల్ల), 26 ముక్క ముందు, అంటే క్యాబ్ వైపు, మూత. బ్లేడు ప్రతి కోతకీ 1/8 అంగుళం తినేస్తుంది కాబట్టి మిగిలేది 20కి కాస్త తక్కువ, అందులోంచి 8 1/2 వెడల్పు, 48 పొడవు ముక్కలు రెండు, అవి పెట్టెకీ బెడ్ గోడకీ మధ్య వేసే పక్క పలకలు. రెండో షీటులో నిలువుగా 11 1/4 వెడల్పు పట్టీలు మూడు తీసి 76 అంగుళాల పొడవుకి కొయ్యండి, ఇవి నిలువు గోడలు. దాని పక్కన 14 అంగుళాల పట్టీ ఒకటి దాదాపుగా మిగులుతుంది, అందులోంచి 22 7/8 బై 11 1/4 అడ్డ గోడలు రెండు, 8 1/2 బై 24 చిన్న పక్క పలకలు రెండు.

1/2 అంగుళం మొదటి షీటు 76 దగ్గర కోస్తే అది అడుగు పలక. మిగిలిన ముక్కలో 9 3/4 బై 21 1/2 ముక్కలు నాలుగు, డ్రాయర్ల ముందూ వెనకా. రెండో షీటుని సగానికి కోసి ఒక సగంలో 22 1/2 బై 48 డ్రాయరు అడుగు పలకలు రెండు, ఇంకో సగంలో 9 3/4 బై 48 డ్రాయరు పక్కలు నాలుగు. ఇంట్లో పెద్ద రంపం లేకపోతే పెద్ద అడ్డ కోతలు కొన్న షాపులోనే కోయించుకోండి, చాలా చోట్ల కోసిపెడతారు. పట్టీలు మాత్రం ఇంటి దగ్గర సర్కులర్ సాతో, తిన్నటి బద్ద ఒకటి క్లాంపులతో బిగించి దాని వెంట నడుపుతూ కోసుకోండి, ఎందుకంటే మూడు నిలువు గోడల ఎత్తూ ఒకేలా రావాలి, అక్కడ తేడా వస్తే డెక్ ఊగుతుంది. కోసిన వెంటనే ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో పేరు రాసేయండి.

పెట్టె తలకిందులుగా కట్టాలి

అడుగు పలక నేల మీద వేసి దాని మీద గోడలు నిలబెట్టి కింద నుంచి స్క్రూ కొట్టడం ఇద్దరున్నా కష్టం. తలకిందులుగా చెయ్యండి. గరాజ్ నేల మీద మూడు నిలువు గోడల్ని నిలబెట్టి, ముందు చివర నుంచి 26 అంగుళాల దగ్గర అడ్డ గోడలు మధ్యలో దూర్చి, పైన అడుగు పలక పరచండి. రెండు వైపులా అంచుకి ఒక గోడ, సరిగ్గా మధ్యలో ఒకటి, అప్పుడు రెండు గూళ్ళూ 22 7/8 వస్తాయి. ముందు సన్న డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి తర్వాతే స్క్రూ. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పొరలు విడిపోతాయి, పైకి బానే కనపడుతుంది గానీ పట్టు పోతుంది. 6, 8 అంగుళాలకొక స్క్రూ, కింద జిగురు, స్క్రూ తల చెక్కలోకి మునిగేలా.

జిగురు ఆరకముందే మూల నుంచి మూలకి టేప్ పట్టండి. 48 బై 76 కి మూలమట్టంగా ఉంటే రెండు ఐమూలలూ 89 7/8 దగ్గర వస్తాయి. అంకె కన్నా రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. 1/8 తేడా ఉన్నా పర్లేదు, 1/4 దాటితే మాత్రం పొడుగున్న మూలని పట్టుకుని లోపలికి నెట్టి సరిచెయ్యండి, లేదంటే డ్రాయరు సగం దాకా వచ్చి పట్టేస్తుంది, అప్పుడిక ఏం చేసినా ఇసక కాగితంతో తంటాలే.

తిప్పి నిలబెట్టాక వెనక డెక్‌ని గోడల మీద స్క్రూలతో బిగించండి, దాని ముందు అంచు అడ్డ గోడ మందంలో సగం మీదే ఆగాలి, మిగతా సగం ముందు మూతకి. మూతకి స్క్రూలొద్దు, ఊరికే కూచుంటుంది, వేలు దూరే రంధ్రం రెండు చేస్తే చాలు. ఆ కింద ఉన్న చోటు క్యాబ్ వైపు, రియర్ యాక్సిల్‌కి ముందు పడుతుంది కాబట్టి బరువైనవి అక్కడే, ముఖ్యంగా నీళ్ళు. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 5 గాలన్లంటేనే 40 దాటింది. ఈ బరువు టెయిల్‌గేట్ దగ్గర పెడితే వెనక కుంగి ముందు టైర్ల మీద భారం తగ్గుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది.

పక్క పలకలకి ఆధారం ఇలా. పెట్టె 48, మధ్య ఖాళీ 50.6, అంటే రెండు పక్కలా 1.3 అంగుళాల సందు. బయటి గోడలకి పై అంచుతో సమానంగా 1బై2 చెక్కని చదునుగా ఆనించి 1 1/4 స్క్రూలు కొట్టండి, అది 3/4 అంగుళమే బయటికొస్తుంది కాబట్టి సందులో సరిపోతుంది. పలక లోపలి అంచు దాని మీద, బయటి అంచు వీల్ వెల్ మీద పెట్టిన 2బై4 ముక్క మీద, చివర్లకి 2బై4 కాళ్ళు. వీల్ వెల్‌కి ముందూ వెనకా ఉన్న గుంటలు ఈ పలకల కింద వచ్చేస్తాయి, టో స్ట్రాప్, జంపర్ కేబుల్స్, ఎయిర్ కంప్రెసర్ లాంటివి వాటిల్లో పెట్టేస్తే డ్రాయర్లు పూర్తిగా వంటకీ బట్టలకీ మిగులుతాయి.

డ్రాయర్లు

డ్రాయరు మామూలు పెట్టె, పక్కల మధ్య ముందూ వెనకా ముక్కలు, కింద నుంచి అడుగు. ఎత్తు 10 1/4 వస్తుంది, గూడు 11 1/4. లోపల పెట్టే వస్తువు 10 1/2 దాటకూడదు, కాబట్టి ఇప్పుడే లేచి వెళ్ళి మీ కుక్కర్ మూతా విజిలూ పెట్టి కొలిచి రండి. రెండు బర్నర్ల స్టవ్వులు కొన్ని 22 అంగుళాల దాకా వెడల్పుంటాయి, లోపలి వెడల్పు 21 1/2 మాత్రమే, అలాంటిదైతే పొడవు వైపుకి తిప్పి పెట్టుకోవాలి.

బాల్ బేరింగ్ స్లైడ్లు కొనాలా అని అందరూ అడుగుతారు. నా మాట, వద్దు. ఇంట్లో వంటగదికి అవి బాగుంటాయి. టెక్సస్‌లో బిగ్ బెండ్ పార్కు వైపు మట్టి రోడ్డు మీద పోతే ఆ పొడి షెల్ సందుల్లోంచి లోపలికొచ్చి బేరింగుల్లో కూచుంటుంది, పైగా బరువు మోసేవి రెండు జతలు కొంటే చెక్క ఖర్చుతో పోటీ పడుతుంది. యూహెచ్ఎండబ్ల్యూ అని జారుడు ప్లాస్టిక్ టేప్ దొరుకుతుంది, అది గూటి అడుగున డ్రాయరు పక్కలు నడిచే దారిలో రెండు వరసలు, డ్రాయరు కింద అదే దారిలో రెండు వరసలు అంటించండి. అది దొరక్కపోతే మామూలు కొవ్వొత్తి బాగా రుద్దినా నడుస్తుంది, కాకపోతే అప్పుడప్పుడూ మళ్ళీ రుద్దాలి.

ముందు చెక్కకి బయటికి పొడుచుకొచ్చే హ్యాండిల్ పెట్టొద్దు, నాలుగు వేళ్ళు పట్టే కోల రంధ్రం కోసి అంచులు నున్నగా చెయ్యండి. ఒక్కో డ్రాయరుకీ చిన్న గడియ తప్పనిసరి, ఎందుకంటే వాలు మీద బండి ఆపి టెయిల్‌గేట్ దించగానే నిండు డ్రాయరు దానంతటదే జారి వస్తుంది, ఎదురుగా పిల్లలు నిలబడి ఉంటే ప్రమాదం. డ్రాయరు వెనక నుంచి అడ్డ గోడకి గట్టి నైలాన్ పట్టీ ఒకటి కట్టండి, 30 అంగుళాలు వచ్చాక అక్కడే ఆగిపోతుంది, పూర్తిగా ఊడి రాదు.

ట్రక్కుకి కట్టడం

ఇది ఎవరూ దాటెయ్యొద్దని బతిమాలుతున్నాను. పెట్టె బరువే దాదాపు 200 పౌండ్లు, సామానుతో ఇంకా ఎక్కువ, హైవే మీద గట్టిగా బ్రేకు కొడితే అది క్యాబ్ వైపే వస్తుంది. బెడ్ మూలల్లో ఉన్న టై-డౌన్ కొక్కేలకి, పెట్టెకి బిగించిన ఐబోల్టులకి (తల దగ్గర రింగు ఉండే బోల్టులు) మధ్య టర్న్‌బకిల్స్ (తిప్పితే బిగుసుకునే మరలు) పెట్టి నాలుగు మూలలా బిగించండి. బెడ్‌కి రంధ్రాలు చెయ్యొద్దు. 2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం, దానికి ఇనప స్క్రూ తగిలి తడి చేరితే అల్యూమినియం తినుకుపోవడం మొదలవుతుంది. పెట్టె కింద రబ్బరు మ్యాట్ పరిస్తే జారదు, గీతలు పడవు, నీళ్ళు కింద గాడుల్లోంచి పోతాయి. మ్యాట్ మందం మొత్తం ఎత్తుకి కలుస్తుంది, పక్క పలకల కాళ్ళు అది పరిచాకే కొలిచి కొయ్యండి.

బరువు లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని. అందులోంచి మీ కుటుంబం బరువు, షెల్ బరువు, ఈ పెట్టె, నీళ్ళు, వంట సామాను అన్నీ తీసెయ్యాలి. షెల్ తర్వాత బిగించింది కాబట్టి ఆ అంకెలో లేదు, చాలామంది దాన్ని కలపరు.

వార్నిష్ విషయానికొస్తే, బయట వాడే స్పార్ యురేథేన్ రెండు పూతలు, కోసిన అంచులకి మూడు, ఎందుకంటే నీళ్ళు తాగేది అంచులే. తలుపులు తెరిచి ఆరబెట్టి వాసన పూర్తిగా పోయేదాకా అందులో ఎవరూ పడుకోవద్దు.

మూడో పాఠం వచ్చేలోగా చెయ్యాల్సింది: పరుపు లేకుండా ఉత్త డెక్ మీద మీరిద్దరూ ఒక పావుగంట పడుకోండి, అటూ ఇటూ దొర్లండి, ఎక్కడ కిర్రుమంటే అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టి స్క్రూ కలపండి. సామానంతా డ్రాయర్లలో సర్ది ఊళ్ళో ఒక రౌండు తిరిగొచ్చి టర్న్‌బకిల్స్ వదులయ్యాయేమో చూడండి. ఆఖరుగా, షెల్ అద్దం తలుపు మూసుకుని లోపల నుంచి అది తెరవగలుగుతున్నారా లేదా చూడండి, అప్పుడు బయట ఒక మనిషి తప్పకుండా ఉండాలి. తెరుచుకోకపోతే దాని మార్గం మూడో పాఠంలో అన్నిటికన్నా ముందు చెప్తాను, అది అయ్యేదాకా రాత్రి అందులో పడుకోకండి.