పెరటి పెట్టెలో బ్లూబర్డ్ గూడు – మూడవ పాఠం: గుడ్లకూ పిల్లలకూ కాపలా

గత రెండు పాఠాలలో ఒకటిన్నర అంగుళాల కన్నంతో పెట్టెను ఎలా తయారు చేయాలో, పచ్చిక మైదానంలో దానిని ఎటువైపు తిప్పి నిలబెట్టాలో నేర్చుకున్నాం. నార్త్ కరోలినా, జార్జియా, టెక్సస్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పెరట్లో కనిపించేది ఈస్టర్న్ బ్లూబర్డ్ అనే నీలిరంగు పిట్ట కనుక, ఈ పాఠం దానిని దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇందులో చెప్పే ఏర్పాట్లు చాలావరకు మొదటి గుడ్డు పడకముందే పూర్తి కావాలి. పిల్లలు పోయిన తర్వాత స్తంభానికి అడ్డు కట్టడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ముందుగా స్తంభం సంగతి చూద్దాం. చెట్టుకో కంచె గుంజకో పెట్టెను మేకు కొట్టి తగిలించడం సులువే, కానీ చెట్లెక్కే జంతువైన రకూన్‌కూ పిల్లికీ ర్యాట్ స్నేక్‌కూ అవి నడిచి వచ్చే దారులు. రకూన్ కన్నంలోకి చెయ్యి దూర్చి గుడ్లను, పిల్లలను, ఒక్కోసారి పొదుగుతున్న తల్లిని కూడా బయటికి లాగేస్తుంది. అందుకే నున్నని ఇనుప గొట్టం మీద, సుమారు అయిదడుగుల ఎత్తున పెట్టెను నిలిపి, దాని కిందుగా బ్యాఫిల్ అనే అడ్డుగొట్టాన్ని అమర్చాలి. ఎనిమిది అంగుళాల వ్యాసం, కనీసం రెండడుగుల పొడవు ఉన్న స్టవ్ పైపు (రేకు పొగగొట్టం) ముక్క దీనికి సరిపోతుంది. దాని పైమూతిని సన్నకన్నుల ఇనుప జాలీతో మూసి, జాలీ నడుమ స్తంభం పట్టేంత రంధ్రం మాత్రమే ఉంచి, ఆ జాలీ స్తంభానికి బిగించిన క్లాంప్ మీద ఆనుకొనేలా వేలాడదీయాలి. పాము స్తంభాన్ని పట్టుకొని ఎక్కి గొట్టం లోపలికే వస్తుంది, పైన జాలీ తగిలి దారి లేక వెనుదిరుగుతుంది. జాలీకీ స్తంభానికీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలినా సన్నని పాము అందులోంచి దూరిపోతుంది కనుక ఆ ఒక్కచోట శ్రద్ధగా పని చేయాలి. గొట్టం కొద్దిగా ఊగుతూ ఉంటే రకూన్‌కు పట్టు దొరకదు. స్తంభానికి గ్రీజు పూయమని సలహా ఇచ్చేవారున్నారు. అది త్వరలోనే ఎండిపోతుంది, పిట్టల ఈకలకు అంటితే హాని చేస్తుంది, కాబట్టి నేను దానిని సమర్థించను. ర్యాట్ స్నేక్ విషం లేనిది, పెరట్లో ఎలుకలను తినేది. దానిని అడ్డుకుంటే చాలు, చంపవలసిన పని లేదు.

ఎంత మంచి బ్యాఫిల్ ఉన్నా, పక్కనే కొమ్మో కంచో ఉంటే అక్కడి నుంచి పిల్లి నేరుగా పెట్టె మీదికి దూకగలదు కనుక చుట్టూ పదడుగుల మేర ఖాళీగా ఉంచండి. కన్నం కింద వాలడానికి పుల్ల అమర్చవద్దు. బ్లూబర్డ్‌కు అది అక్కరలేదు, దాని శత్రువులకే ఉపయోగం. ఉడుతలో వడ్రంగిపిట్టలో కన్నాన్ని పెద్దది చేస్తే మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ లోపలికి దూరుతుంది, కాబట్టి కన్నం చుట్టూ లోహపు రేకు బిగించడం మంచిది.

ఇక పిచ్చుక. చూరుకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలను పిలుచుకున్న ఇళ్లలో పెరిగినవారికి ఈ భాగం కష్టంగా ఉంటుంది. కానీ అమెరికాలో అది 1851లో బ్రూక్లిన్‌లో వదిలిన పరాయి పక్షి. బ్లూబర్డ్‌లు, స్వాలోలు, చికడీలు వంటి స్థానిక పిట్టలు గూడు పెట్టుకునే తొర్రల కోసం అది పోటీపడుతుంది; పెట్టెలో చిక్కిన బ్లూబర్డ్‌ను తల మీద పొడిచి చంపి, దాని మీదే గూడు కట్టుకుంటుంది. ఒకటిన్నర అంగుళాల కన్నం దానిని ఆపలేదు. ఈ ఒక్క విషయంలో మెతకగా ఉండరాదని నా గట్టి అభిప్రాయం: బ్లూబర్డ్ కోసం పెట్టిన పెట్టెలో పిచ్చుక పిల్లలు పెరగకూడదు.

గుర్తుపట్టడం ముందు నేర్చుకోండి. బ్లూబర్డ్ సన్నని గడ్డితోనో పైన్ ఆకులతోనో నీటుగా గిన్నెలాంటి గూడు అల్లి, లేత నీలం గుడ్లు పెడుతుంది, అరుదుగా తెల్లనివి కూడా. పిచ్చుక గూడు గరుకు గడ్డి, ఈకలు, కాగితం ముక్కలతో చిందరవందరగా పైదాకా నిండి ఉంటుంది. గుడ్లు తెల్లగా, గోధుమ మచ్చలతో ఉంటాయి. చికడీ గుడ్లకూ మచ్చలుంటాయి, కానీ దాని గూటికి అడుగున పచ్చని నాచు ఉంటుంది. చికడీ స్థానిక పక్షి కనుక 1918 నాటి వలస పక్షుల చట్టం దాని గూటిని కాపాడుతుంది. పిచ్చుకకూ స్టార్లింగ్‌కూ ఆ రక్షణ లేదు. అనుమానం ఉన్నంతవరకు ఏ గూటినీ ముట్టుకోవద్దు.

పిచ్చుక గూడేనని తేలితే తీసివేయండి, మళ్లీ కడితే మళ్లీ తీయండి. మగపిచ్చుక పెట్టెను పట్టుకొని వదలకపోతే కొన్నాళ్లు కన్నాన్ని మూసివేయాలి; అయితే గూడు పోయిన కోపంతో అది పక్క పెట్టెల మీద పడవచ్చు. సజ్జల జాతి గింజలు, మొక్కజొన్న నూక, బ్రెడ్ ముక్కలు పెరట్లో వేయడం మానండి. బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టిన తర్వాత, పెట్టె కప్పు మీద గాలికి రెపరెపలాడే మెరుపు రిబ్బన్లు వేలాడదీస్తే పిచ్చుక బెదురుతుంది. గుడ్డు పెట్టిన బ్లూబర్డ్ మాత్రం వాటికి అలవాటు పడుతుంది. గుడ్డుకు ముందే కడితే బ్లూబర్డే వెళ్లిపోవచ్చు.

హౌస్ రెన్ అనే చిన్న పిట్ట పుల్లలతో పెట్టె నింపి, ఇతర పక్షుల గుడ్లను పొడుస్తుంది. అయినా అది స్థానిక పక్షి, దాని గుడ్లను తీయడం నేరం. పొదలకు దూరంగా పెట్టె ఉంచడమే దీనికి మార్గం.

వీటన్నిటికీ తోడు వారానికి ఒకసారి పెట్టె తెరిచి చూడాలి. మనిషి చెయ్యి తగిలితే పిట్ట గూటిని వదిలేస్తుందని మన పెద్దలు అంటారు. బ్లూబర్డ్ విషయంలో ఆ భయం అక్కరలేదు. ఉదయం గుడ్డు పెట్టే వేళ కనుక మధ్యాహ్నం, వాన లేని రోజున వెళ్లండి. మెల్లగా తట్టి, తల్లి బయటికి వెళ్లాక తలుపు తీసి, నిమిషంలోపు చూసి మూయండి. రోజుకొక గుడ్డు చొప్పున సాధారణంగా నాలుగైదు పెడుతుంది, చివరి గుడ్డు తర్వాత పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పొదుగుతుంది. పిల్లలకు పన్నెండు రోజులు నిండాక తెరవడం ఆపాలి, లేకపోతే ఎగరడం రాకముందే బయటికి దూకేస్తాయి.

గూటి అడుగున బూడిదరంగు పురుగులు కనిపిస్తే అవి బ్లోఫ్లై అనే ఈగ లార్వాలు. రాత్రి పిల్లలను పట్టుకొని రక్తం పీల్చి, పగలు గడ్డిలో దాక్కుంటాయి. అవి ఎక్కువగా ఉంటే పిల్లలను గుడ్డ పరచిన గిన్నెలోకి మార్చి, పాత గూడు తీసి, పొడి గడ్డితో అదే ఆకారంలో గూడు చేసి తిరిగి ఉంచండి. కందిరీగలు పట్టకుండా కప్పు లోపలి వైపు సబ్బుబిళ్లతో రుద్దితే చాలు. పురుగుమందు మాత్రం పెట్టెలోనూ పచ్చికలోనూ వాడవద్దు, పిల్లల తిండి పచ్చికలోని పురుగులే.

వచ్చే పాఠంలోపు ఒక నోటుపుస్తకం తెరిచి, మొదటి గుడ్డు తేదీ, గుడ్ల సంఖ్య, గుడ్లు పగిలి పిల్లలు బయటపడిన తేదీ, పన్నెండవ రోజు తేదీ రాసుకోవడానికి గడులు గీసుకోండి. పిల్లలు ఎగిరిపోయిన తర్వాత రెండవ కాన్పుకు పెట్టెను శుభ్రం చేసే పద్ధతిని ఆ తేదీల ఆధారంగానే నాలుగవ పాఠంలో చెప్పుకుందాం.