ఆన్‌లైన్ చెస్‌లో రేటింగ్ పెంచుకోవడం ఎలా?

లైచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి. ఉచితం, ప్రకటనల గోల ఉండదు. చెస్.కామ్ కూడా మంచిదే కానీ రెండు చోట్లా ఆడుతూ అంకెలు పోల్చుకోకండి, ఆ రెండు రేటింగులూ (మీ ఆట బలాన్ని చూపే అంకెలు) వేరు. లైచెస్ అందరికీ 1500తో మొదలుపెడుతుంది. పక్కన ప్రశ్నార్థకం ఉన్నంతకాలం ఆ అంకె ఇంకా కుదురుకోలేదని అర్థం. అది 1100కి జారినా కంగారు పడొద్దు. ఫోన్‌లో వేలు జారి గుర్రం పక్క గడిలో పడుతుంది కాబట్టి మౌస్‌తోనే ఆడండి.

టైమ్ కంట్రోల్ 15+10 పెట్టుకోండి. చేతిలో 15 నిమిషాలు ఉంటాయి, ఎత్తు వేసిన ప్రతిసారీ 10 సెకన్లు కలుస్తాయి. మూడు నిమిషాల బ్లిట్జ్ నేర్చుకునే దశలో వద్దే వద్దు. ఆలోచించే వ్యవధి లేనప్పుడు చెయ్యి పాత అలవాటునే తిరగేస్తుంది. రోజుకు రెండు ఆటలు, ఓ ఇరవై నిమిషాలు పజిల్స్ (ఇచ్చిన స్థితిలో సరైన ఎత్తులు కనుక్కునేవి) చాలు. పజిల్‌లో మొదటి ఎత్తు వేసేముందే చివరిదాకా లెక్కకట్టాలి. ఊహించి నొక్కి చూడటం సాధన కాదు.

ఇక అందరూ చెడగొట్టేది ఆట అయ్యాక చేసే విశ్లేషణని. ఓడగానే కంప్యూటర్ అనాలిసిస్ బటన్ నొక్కేస్తారు. ఎర్ర గుర్తులు చూసి ‘అయ్యో, ఇక్కడా!’ అనుకుంటారు, కొత్త ఆట మొదలుపెడతారు. నేర్చుకున్నది సున్నా.

ముందు ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆపేసి ఆటంతా మొదటినుంచి మీరే తిప్పండి. మూడు చోట్ల ఆగండి: అవతలివాళ్ల ఎత్తు మీకు తట్టని చోట, మీ గడియారం ఎక్కువ ఖర్చయిన చోట, ఆట చేజారిందని మీకనిపించిన చోట. అప్పుడేం ఆలోచించారో ఒక్కో వాక్యంలో రాయండి. ఇది దాటేస్తే తర్వాత చేసేదంతా దండగ, ఎందుకంటే ఇంజిన్ జవాబు చూశాక ‘నాకూ అదే అనిపించింది’ అని మనసు అబద్ధం చెబుతుంది.

ఇప్పుడు లైచెస్‌లోని ఇంజిన్ స్టాక్‌ఫిష్ ఆన్ చేయండి. ఎవరిది పైచేయో అది అంకెలో చూపిస్తుంది, 1.0 అంటే దాదాపు ఒక బంటు విలువ. 0.3, 0.4 తేడాలు పట్టించుకోకండి. ఒక్క ఎత్తుతో రెండుకు మించి పడిపోయిన చోట్లే చూడండి. అయితే గుర్తు పడిన ఎత్తే అసలు తప్పు కాకపోవచ్చు. 17వ ఎత్తులో గుర్రం పోయిందంటే, దానికి కాపలా ఉన్న శకటాన్ని 15వ ఎత్తులో ఎందుకు కదిపారో వెతకాలి. ఇంజిన్ చెప్పిన ఎత్తు అర్థం కాకపోతే మీకు నచ్చిన ఎత్తు వేసి, దానికి అది ఇచ్చే జవాబు చూడండి. చివరగా కారణం ఒక్క ముక్కలో రాసుకోండి: బెదిరింపు చూడలేదు, లెక్క తప్పింది, టైమ్ చాలలేదు. ఇరవై ఆటలయ్యేసరికి ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పజిల్స్ దాన్నిబట్టే ఎంచుకోండి. ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల) వీడియోల జోలికి అప్పుడే వెళ్లకండి, ఈ స్థాయిలో ఆటలు పోయేది ఊరికే వదిలేసిన పావుల వల్లే.

ఆట నడుస్తుండగా మాత్రం ఇంజిన్ ఇంకో ట్యాబ్‌లో కూడా తెరవకూడదు. అది మోసం కిందికి వస్తుంది, ఖాతా పోతుంది.

పోటీలకు ఏదైనా టీమ్‌లో చేరి స్విస్ టోర్నమెంట్లతో (ఓడినా బయటికి పోకుండా, దాదాపు మీ అన్ని పాయింట్లే ఉన్నవాళ్లతో ఆడే పోటీలు) మొదలుపెట్టండి. ఎన్ని రౌండ్లో ముందే ఖరారై ఉంటుంది కాబట్టి మధ్యలో ఊపిరి పీల్చుకోవచ్చు. అరీనా అనే ఇంకో రకం పోటీలో గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. ఆట అవ్వగానే మరొకటి వచ్చి పడుతుంది. అక్కడ బెర్సర్క్ బటన్ ముట్టుకోవద్దు: గెలిస్తే వచ్చే ఒక్క అదనపు పాయింటు కోసం మీ టైమ్ సగానికి సగం కోసేస్తుంది.