గేమింగ్ మానిటర్ ఎంపిక – మూడో పాఠం: హెర్ట్జ్‌లు, మిల్లీసెకన్లు, అట్టపెట్టె మీది అంకెలు

రెండో పాఠం చివర ఒక పని అప్పగించాను. మీరు ఎక్కువగా ఆడే ఆట తెరిచి, అరగంట ఆడి, సెకనుకు ఎన్ని ఫ్రేములు (గ్రాఫిక్స్ కార్డు తయారుచేసి పంపే బొమ్మలు) వస్తున్నాయో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అందులో సగటు కన్నా, పొగలూ పేలుళ్లూ ఉన్న సన్నివేశంలో పడిపోయిన కనిష్ఠ సంఖ్యతోనే ఈరోజు పని. రాసుకోనివాళ్లు పాఠం చదవవచ్చు గానీ, డబ్బు జేబులో పెట్టుకుని బయల్దేరవద్దు.

పరిమాణం, రిజల్యూషన్ సంగతి గత పాఠంతో తేలిపోయింది: 24 అంగుళాలకు 1920×1080, 27 అంగుళాలకు 2560×1440. ఇక వేగం.

హెర్ట్జ్ లెక్క

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్ దగ్గర అది 6.9కి, 240 దగ్గర 4.2కి, 360 దగ్గర 2.8కి దిగుతుంది. ఈ వరుసను ఒకసారి తీరిగ్గా చూడండి. 60 నుంచి 144కి మారితే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి మారితే మూడు కూడా రావు. 240 నుంచి 360కి ఒకటిన్నర కూడా దక్కదు. ధర మాత్రం ప్రతి మెట్టుకూ పెరుగుతూనే ఉంటుంది.

ఇదే లెక్కను తెర మీద చూద్దాం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద ఒక శత్రువు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క సెకనులో పరుగెత్తాడనుకోండి. 60 హెర్ట్జ్‌లో అతను 32 పిక్సెళ్ల చొప్పున గెంతుతూ పోతాడు. 144లో ఆ గెంతు 13 పిక్సెళ్లు, 240లో 8. గురి పెట్టే చేతికి 32కూ 13కూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 13కూ 8కీ తేడా వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి పోటీగా ఆడేవాళ్లకు తెలుస్తుంది. కథ నడిచే ఆటలు, క్రికెట్, కార్ల పందేలు ఆడేవాళ్లు 144–180 మధ్య ఆగిపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ కాగితం తీయండి. దాని మీద 70 అని ఉంటే 240 హెర్ట్జ్ మానిటర్ మీకు చాలా మటుకు దండగ. ఆ తేడా డబ్బును గ్రాఫిక్స్ కార్డుకు దాచుకోండి.

ఒక మిల్లీసెకను అనే మాట

పెట్టె మీద హెర్ట్జ్ పక్కనే పెద్ద అక్షరాలతో కనిపించే రెండో అంకె ఇది. మొత్తం పెట్టె మీద నేను అతి తక్కువగా నమ్మేదీ ఇదే.

పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి కొంత సమయం పడుతుంది. 144 హెర్ట్జ్ తెర మీద కొత్త బొమ్మ 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. పిక్సెల్ మారడానికి 12 మిల్లీసెకన్లు పట్టిందంటే, సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొచ్చినట్లే. పాత బొమ్మ పూర్తిగా పోదు, కొత్త బొమ్మ పూర్తిగా రాదు, కదిలే వస్తువు వెనక నీడలాంటి తోక మిగులుతుంది. దీన్నే ఘోస్టింగ్ అంటారు.

మరి అన్ని పెట్టెల మీదా ఒక మిల్లీసెకను అని ఎలా వేస్తున్నారు? రెండు దారులున్నాయి. మొదటిది, పిక్సెల్‌ను త్వరగా మారేలా తోసే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగ్‌ను చివరి మెట్టుకు పెంచి, అన్నిటికన్నా త్వరగా మారే రంగుల జంటను కొలవడం. ఆ మెట్టులో ఆడితే తోక పోతుంది గానీ, వస్తువు అంచున వెలుతురు చార పుడుతుంది. అది తోక కన్నా ఎక్కువ చిరాకు పెడుతుంది. రెండోది ఎంపీఆర్‌టీ, అంటే కదిలే బొమ్మ కంటికి ఎంత మసకగా కనిపిస్తుందో చెప్పే కొలత. ప్రతి ఫ్రేముకూ వెనక దీపాన్ని కాసేపే వెలిగించి ఆర్పితే కదలిక పదునుగా కనిపిస్తుంది, దాంతో అంకె తగ్గుతుంది. కానీ తెర వెలుతురు బాగా పడిపోతుంది. చాలా మానిటర్లలో అది వేసినంతసేపూ ఫ్రీసింక్, జీ-సింక్ (వీటి సంగతి కింద చెబుతాను) పనిచేయవు.

ప్యానెల్ రకాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. వీఏ, ఐపీఎస్ అనేవి ఎల్‌సీడీ ప్యానెళ్లలో రెండు రకాలు. వీఏ ప్యానెళ్లకు నలుపు బాగుంటుంది; కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ వెలుతురు తేడా, సాధారణంగా 3000:1 దాకా ఉంటుంది. ఐపీఎస్‌లో అది 1000:1 చుట్టూ తిరుగుతుంది. అయితే ముదురు రంగుల మధ్య మార్పు దగ్గర చవక వీఏలు నత్తనడక నడుస్తాయి. చీకటి గదుల్లో, గుహల్లో కెమెరా తిప్పినప్పుడు నల్లటి మరక సాగినట్లు కనిపిస్తుంది. వెనక దీపం లేకుండా ప్రతి పిక్సెలూ తానే వెలిగే ఓఎల్ఈడీకి ఈ జబ్బు లేదు. దాని ధర, కదలని బొమ్మలు తెర మీద ముద్ర పడే భయం తరవాతి పాఠంలో.

ఫ్రీసింక్, జీ-సింక్

కార్డు ఒక లయలో, మానిటర్ ఇంకో లయలో నడిస్తే బొమ్మ అడ్డంగా చీలినట్లు కనిపిస్తుంది. కార్డు ఫ్రేము ఇచ్చినప్పుడే తెర మారేలా చూసేది ఈ సదుపాయం. ఎన్‌విడియా జీ-సింక్‌ను 2013లో ప్రకటించింది. అందుకు మానిటర్‌లో ప్రత్యేక పరికరం ఉండాల్సి వచ్చేది. 2019 జనవరి నుంచి ఆ కంపెనీ కార్డులు ఏఎండీ వారి ఫ్రీసింక్ తరహా మానిటర్లతోనూ పనిచేస్తున్నాయి. కాబట్టి ఏ కార్డు ఉన్నా పేరు కోసం అదనంగా పెట్టనక్కరలేదు. పని చేసే పరిధి మాత్రం అడగండి. 48 నుంచి 144 అని ఉంటే నిశ్చింత: ఫ్రేములు 48 కిందికి పడితే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి నెట్టుకొస్తుంది. 48 నుంచి 75 అని ఉంటే ఆ వెసులుబాటు ఉండదు. మీ కాగితం మీది కనిష్ఠ సంఖ్య పనికొచ్చేది ఇక్కడే.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష

ఆన్‌లైన్‌లో ధర చూసుకోండి, తప్పులేదు. కానీ ఒక మధ్యాహ్నం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే మనమంతా పిలుచుకునే సీటీసీకి వెళ్లి రండి. వారం మధ్యలో వెళ్తే దుకాణం వాళ్లు కాస్త ఓపిగ్గా మాట్లాడతారు. అక్కడ తెర మీద తిరుగుతూ ఉండే పూల వీడియో, చేపల వీడియో చూసి మురిసిపోవద్దు. అది రంగులు చూపించడానికి పెట్టింది. వేగం దానిలో కనిపించదు. "అన్నా, ఒకసారి మౌస్ ఇస్తారా?" అని అడగండి.

ముందు విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిచి ఎన్ని హెర్ట్జ్‌లలో నడుస్తోందో చూడండి. 144 మానిటర్ 60లో నడుస్తూ దొరకడం అరుదేమీ కాదు. దాన్ని సరిచేశాక మౌస్ బాణాన్ని తెర మీద గబగబా గుండ్రంగా తిప్పండి. 60లో బాణం ముక్కలు ముక్కలుగా, ఎడంగా కనిపిస్తుంది. 144లో ఆ ముక్కలు దగ్గరకు జరుగుతాయి. తరవాత నోట్‌ప్యాడ్ కిటికీని పట్టుకుని అటూ ఇటూ లాగుతూ దాని పైనున్న అక్షరాలు చదవడానికి ప్రయత్నించండి. చివరగా నల్లటి పేజీ మీద బూడిద రంగు అక్షరాలు తెరిచి పైకీ కిందికీ జరపండి. వీఏ మరక ఉంటే ఇక్కడ బయటపడుతుంది. ఓవర్‌డ్రైవ్ మెట్లను ఒక్కొక్కటిగా మారుస్తూ ఇదే చేయండి; చాలా మానిటర్లకు మధ్య మెట్టే సరిపోతుంది.

ఈ వారం అభ్యాసం

ఇంట్లో ఉన్న మానిటర్ వెనక ఏ పోర్టులున్నాయో, కార్డు వెనక ఏవి ఉన్నాయో రాసుకోండి. కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డుకు పెట్టారా చూడండి. డిస్‌ప్లేపోర్ట్ ఉండి కూడా పాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నడుస్తుంటే మార్చి, హెర్ట్జ్ జాబితాలో కొత్త అంకె ఏదైనా చేరిందేమో గమనించండి. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లు మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఏ వెర్షనో కూడా రాసుకోవాలి. ప్లేస్టేషన్‌కు డిస్‌ప్లేపోర్ట్ లేదు.